కొక్కెం పెట్టిన చోటు

నా ట్రిగ్గర్ తూకంలో తప్పిందని, ఆరోజు నేను కొట్టిన అరవై షాట్లూ కొట్టేశారు. గోడకి అతికించిన ఫలితాల కాగితంలో నా పేరుకెదురుగా "అనర్హుడు. పరికరం మార్చారు" అని రాశారు. తూకం వేసినాయన కొక్కెం తప్పుచోట తగిలించాడు. తప్పు ఆయనది, మచ్చ నాది.

ముందు ఈ మాట చెప్పుకున్నాక మిగతాది నింపాదిగా చెప్తాను.

ఇంగ్లండులో పిస్టలేమిటండీ, అని చీరాల నుంచి మావాళ్లు ఫోన్లో ఇప్పటికీ అడుగుతారు. తూటాల పిస్టల్ని ఇక్కడ చట్టం ఏనాడో తీసేసింది. మాది గాలి పిస్టల్. సిలిండర్లో గాలి నింపుకుని, మినపగింజంత సీసపు పెల్లెట్ పెట్టుకుని, పది మీటర్ల అవతల అట్టమీద ఉన్న నల్లచుక్కని ఒంటిచేత్తో కొట్టాలి. షాటుకి పది మార్కులు, మొత్తం అరవై షాట్లు. లీసెస్టర్లో మా క్లబ్బు ఒక పాత చర్చి హాల్లో శనివారం పొద్దున్న పూట నడుస్తుంది. అక్కడ నేను తప్ప అందరూ ఏదో ఒక కాగితం ఉన్నవాళ్లే. నేను చదివింది తొమ్మిదో తరగతి.

సాక్సులు అల్లే ఫ్యాక్టరీలో ముప్పయ్యేళ్లు మిషన్లు బాగుచేశాను. ఇంగ్లీషు నేర్చుకున్నది ఆ మిషన్ల పుస్తకాల్లోంచే. అందుకే నాకు "గుడ్ ఆఫ్టర్నూన్" కంటే ముందు "స్ప్రింగ్ టెన్షన్" వచ్చింది. పని ఫిట్టరుది, రికార్డులో హెల్పరుని. ఎందుకయ్యా అని ఒకసారి అడిగితే మా ఫోర్‌మన్ నా చేతులు రెండూ తిప్పి చూసి, "చేతులు మంచివే, సర్టిఫికెట్ ఏదీ?" అన్నాడు. ఆయన వేసుకున్న స్వెట్టరు రంగు కూడా నాకు గుర్తుంది. నేను మర్చిపోయే మనిషిని కాదు.

ట్రిగ్గర్ మార్చాల్సి వచ్చింది నా వేలి మూలంగా. కుడిచేతి చూపుడువేలి చివరి కణుపు రెండేళ్ల నుంచి వంగడం మానేసింది. సర్జరీకి, అంటే ఇక్కడి డాక్టరు క్లినిక్కుకి, వెళ్తే జీపీ డాక్టరమ్మ అటూ ఇటూ నొక్కి చూసి "వయసు" అంది. ఆ సంగతి చెప్పడానికి మూడు వారాల అపాయింట్‌మెంటు! నా పాత ట్రిగ్గర్ నెలవంకలా వంపు తిరిగి ఉండేది. వేలు వంగితేగాని ఆ వంపులో కూర్చోదు. వేలేమో కర్రలా నిటారుగా పోయి ఆ వంపు మీటని పక్కకి తోసేది. దెబ్బలన్నీ ఎడమకి, కిందికి. తొమ్మిదులు కొట్టే చెయ్యి ఏడుల్లోకి పడిపోయింది.

మార్చాలి సరే, ఏది పెట్టాలి? అక్కడ మొదలైంది మూడు నెలల తర్జనభర్జన.

మా క్లబ్బుకి నార్తాంప్టన్ నుంచి కారులో వచ్చే తెలుగాయన ఒకాయన ఉన్నాడు. ఐటీ ఉద్యోగం, నలభై ఏళ్లుంటాయి, కరీంనగర్ వైపు మనిషి. ఆయన పిస్టల్‌కి ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్.

"అంకుల్, గీ పాత సామాన్‌తోని ఎన్నాళ్లు కుస్తీ పడ్తరు? నాది ఒక్కసారి పట్టి చూడుండ్రి. ఫోన్ మీద బటన్ నొక్కినట్టుంటది."

పట్టి చూశాను. నిజమే, బటన్ నొక్కినట్టే ఉంది. నాకు కావలసింది బటన్ కాదు. మంచి ట్రిగ్గర్లో రెండు మెట్లుంటాయి. మొదటి మెట్టు ఊరికే వెనక్కొస్తుంది, రెండో మెట్టు దగ్గర ఒక గోడ తగులుతుంది. ఆ గోడకి వేలు ఆనించి ఊపిరి బిగబట్టుకుని ఉండగా, మనకి తెలియకుండా గోడ కూలిపోవాలి. ఈ కరెంటు ట్రిగ్గర్లో ఉన్నది గోడ కాదు, పరదా.

"మరి బ్యాటరీ అయిపోతే?" అన్నాను.

"ఛార్జింగ్ పెట్టుకుంటం గద అంకుల్."

"మర్చిపోతే?"

"మీరు అన్నం తినుడు మర్చిపోతరా?"

"నేను మర్చిపోను. నువ్వు పోయిన నెల పెల్లెట్లే మర్చిపోయి వచ్చావు."

పక్కనే ఉన్న మా క్లబ్బు సెక్రటరీ ఏం జరిగిందని అడిగితే నార్తాంప్టనాయనే ఇంగ్లీషులో చెప్పి తనమీద తనే నవ్వుకున్నాడు. సెక్రటరీ రిటైరైన బస్సు డ్రైవరు, ఇక్కడి మనిషే, నా ఈడువాడు. ఆయన సలహా వేరు: తయారుచేసిన కంపెనీ వాళ్లదే బేరింగులున్న కొత్త ట్రిగ్గర్ మొత్తం సెట్టు తెప్పించుకో, కదల్చకు, మెదల్చకు, స్క్రూడ్రైవరు దగ్గరికి కూడా పోకు. తన పిస్టల్ని పదేళ్లుగా ఎవరూ ముట్టలేదని ఆయన గర్వం. ఆ సెట్టు వెన్నలా నడుస్తుంది, కాదనను. కానీ దాని మీట కూడా నెలవంకే. వెన్న రాసిన నెలవంకైనా నా వేలు వంగదు కదా!

మూడో దారి: లోపలి యంత్రం పాతదే ఉంచి మీట ఒక్కటే మార్చడం. పొడుగ్గా, తిన్నగా, స్కేలు ముక్కలా ఉండే మీటలు దొరుకుతాయి. వేలు జారిపోకుండా చివర చిన్న అంచు ఉంటుంది. "అవి కుర్రాళ్లు వాడేవి" అన్నాడు సెక్రటరీ. "నీ వేలు అందులో దారి తప్పుతుంది."

తప్పుతుందో లేదో చూడాలంటే ఆనవాలు కావాలి. ఇంటికొచ్చి మా ఆవిడ కుంకుమభరిణె తీసి, వేలికి తడి చేసి, కుంకుమ అద్దుకుని, పెల్లెట్ లేకుండా ముప్పై సార్లు ట్రిగ్గర్ నొక్కాను. నెలవంక మీట మీద కుంకుమ ఎడమ పక్కంతా పులుముకుపోయింది. సెక్రటరీ ఎక్కడినుంచో అరువు తెచ్చిన తిన్నని మీట బిగించి మళ్లీ ముప్పై నొక్కాను. బొట్టు పెట్టినట్టు ఒక్కచోటే పడింది.

"దేవుడి దగ్గర పెట్టే కుంకుమండీ అది" అంది మా ఆవిడ గుమ్మంలోంచి.

"దీనికి కూడా బొట్టే పెట్టాను, చూడు."

"మీ నుదుటి మీద ఏనాడూ పెట్టుకోలేదు గానీ తుపాకీకి పెట్టారు. సరిపోయింది."

అలా తిన్నని మీటే ఖాయమైంది. ఇక మిగిలింది తూకం. మా పోటీల్లో ఉన్న నిబంధన ఒకటే: ట్రిగ్గర్ ఐదువందల గ్రాముల బరువుకి పేలకూడదు. పిస్టల్ గొట్టం ఆకాశం కేసి నిలబెట్టి, ట్రిగ్గర్ మధ్యలో కొక్కెంతో బరువు తగిలించి, బల్ల మీంచి పైకి లేపుతారు. బరువు గాల్లోకి లేచినా ట్రిగ్గర్ కదలకపోతే పాసు, "టక్" మంటే ఫెయిలు. పిస్టల్‌కి ఏం మార్చుకున్నా అభ్యంతరం లేదు, ఐదువందలకి తగ్గకపోతే చాలు. ఈ వాక్యం గుర్తుపెట్టుకోండి. తరవాత వాళ్లు మర్చిపోయింది ఇదే.

మొదట్లో అర కిలో మినప్పప్పు ప్యాకెట్ కట్టి తూచాను. బాగా ఆగింది. తరవాత అనుమానమొచ్చి మా ఆవిడ ఆవకాయ కారం తూచుకునే మిషను మీద ఆ ప్యాకెట్ పెడితే ఐదువందల తొమ్మిది! కవరు బరువు నేను లెక్కలోకి తీసుకోలేదు. అప్పుడిక పప్పు సీసాలో పోయించి, సరైన ఇనుప బరువు తెప్పించి, స్ప్రింగు ముప్పావు చుట్టు సడలించి, ఐదువందలకి ఆగేట్టూ ఐదువందల ముప్పైకి పడేట్టూ కుదిర్చాను. వందసార్లు లేపి చూశాను, ప్రతిసారీ కొక్కెం మధ్యలో వేలితో నిలబెట్టి. అలా నిలబెట్టి లేపడం నాకు అలవాటైపోయి, అది చెయ్యకపోతే ఏమవుతుందో ఆలోచించలేదు. ఇది నా పొరపాటే, ఒప్పుకుంటాను. నెలవంక మీటలో కొక్కెం దానంతటదే వంపు మధ్యలోకి వచ్చి కూర్చుంటుంది. తిన్నని మీటలో పిస్టల్ కాస్త వాలితే చాలు, కొక్కెం చివరి అంచు దాకా జారిపోతుంది.

జారితే ఏమిటంటారా? మీ ఇంటి తలుపు మడతబందుల దగ్గర నెట్టి చూడండి, తరవాత గడియ దగ్గర నెట్టి చూడండి. చివర్లో వేసిన బరువు మధ్యలో వేసిన బరువుకంటే చాలా ఎక్కువగా లాగుతుంది. అంతే సంగతి.

శీతాకాలం పోటీ నార్తాంప్టన్ దగ్గర ఒక లీజర్ సెంటర్ హాల్లో జరిగింది. నా జన్మలో అంత బాగా కొట్టలేదు. వేలు మీట మీద నిటారుగా ఆనితే చాలు, గోడ తగిలేది, గోడ కూలేది. ఆఖరి షాటు పది. మొత్తం 539. పిస్టల్ పెట్టెలో పెట్టబోతుంటే మెడలో బిళ్ల వేసుకున్న రెఫరీ వచ్చి, చీటీలు తీస్తే మీరు నిలబడ్డ వరస నంబరు వచ్చింది, ట్రిగ్గర్ తూచాలి అన్నాడు. పొడుగాటి మనిషి, చాలా మర్యాదస్తుడు. నా పిస్టల్ తీసుకుని, గొట్టం నిలబెట్టి, కొక్కెం తగిలించి, కళ్లద్దాలు సర్దుకోడానికి కాస్త తనవైపు వంచాడు. కొక్కెం జర్రున చివరికి జారింది. లేపాడు. టక్.

"కొక్కెం మధ్యలో పెట్టండి" అన్నాను.

"సర్, దయచేసి వెనక్కి జరగండి."

రెండోసారి. మళ్లీ జారింది. టక్.

"అదుగో, చివర్లో ఉంది చూడండి. నిబంధన మధ్యలో అంటుంది."

"సర్, వెనక్కి జరగమన్నాను."

మూడోసారి కూడా అంతే. అప్పటికి పదిమంది పోగయ్యారు. వెనకనుంచి ఎవడో, "తాతగారి ట్రిగ్గర్ తుమ్మినా పేలుతుంది" అన్నాడు. నవ్వారు. రెఫరీ నవ్వలేదు, అది ఇంకా అధ్వాన్నం. ఆయన ముఖంలో జాలి ఉంది. మీట వంక చూసి, "ఇది పిస్టల్‌తో వచ్చినది కాదే, మీరే మార్చారా?" అన్నాడు. నేనే మార్చానన్నాను. అబద్ధం ఎందుకు చెప్తాను? ఆ జవాబే తీసుకెళ్లి కారణం గడిలో పెట్టాడు.

అభ్యంతరం అక్కడికక్కడే కాగితం మీద రాసిచ్చాను. పది నిమిషాల్లో తిరిగొచ్చింది, రెఫరీ నిర్ణయమే నిర్ణయమని.

ఆరోజు నన్ను ఇంటికి దింపింది నార్తాంప్టనాయనే. లీసెస్టర్ రింగురోడ్డు దగ్గరికొచ్చాక నోరు విప్పాడు.

"ఇడిసిపెట్టుండ్రి అంకుల్. ఈ ఆటల మనోళ్లం నలుగురం ఉన్నం. లొల్లి చేస్తే మనకే బద్నాం."

"బద్నాం అయిపోయింది కదయ్యా. ఇంకా ఏం మిగిలిందని భయం?"

"వచ్చే ఏడు మళ్ల కొడ్తరు."

"వచ్చే ఏడు కొడితే, పోయినేడు మోసం చేసినాయన ఈ ఏడు బాగా కొట్టాడంటారు."

సిగ్నల్ పచ్చగా మారగానే ఆయన గేరు వేసి కారు ముందుకి పోనిచ్చాడు.

ఇంట్లో సంగతి చెప్తే మా ఆవిడ టీ గ్లాసు నా ముందు పెట్టి నా ముఖంలోకి చూసి, "నిజంగా మీరేం చెయ్యలేదు కదా?" అంది.

హాల్లో నవ్వినవాళ్లు నాకు తగల్లేదు. ఇది తగిలింది. నలభై ఆరేళ్లుగా కాపురం చేస్తున్న మనిషి. పిస్టల్ తెచ్చి, అందులో పెల్లెట్ లేదని చూపించి, ఇనుప బరువు ఆవిడ చేతికిచ్చాను. "నువ్వే తగిలించు. ముందు మధ్యలో." తగిలించింది. నేను లేపాను, ఆగింది. "ఇప్పుడు చివర." టక్. ఆవిడ ఇంకోసారి చెయ్యమంది. ఇంకోసారి చేశాం. ఐదోసారికి బరువు బల్ల మీద పెట్టేసి, "దీనికి తొమ్మిదో తరగతి కూడా అక్కర్లేదు. మరి వాళ్లకెందుకు తెలియలేదు?" అంది.

"చూడలేదు కాబట్టి."

"అయితే చూసేదాకా రాయండి. మీరెలాగూ ఊరుకోరు, నేను వద్దన్నానన్న పేరు నాకెందుకు?"

మొదటి ఉత్తరానికి పోటీల కమిటీ నుంచి రెండు లైన్లు వచ్చాయి. పోటీ ముగిసింది, ఫలితాలు ఖరారయ్యాయి. రెండో ఉత్తరానికి ఆరు వారాలు ఎదురుచూశాను, ఏమీ రాలేదు. నార్తాంప్టనాయన, "నేను రాసిస్త అంకుల్, కంప్యూటర్ల నీట్‌గ" అన్నాడు. వద్దన్నాను. తప్పులున్నా సరే, నా ఇంగ్లీషే వాళ్లు చదవాలి.

మాటలతో కదలరని అర్థమయ్యాక, ఒక శనివారం నా ఇనుప బరువూ, సంతకాలకి గళ్లు గీసిన ఒక కాగితమూ క్లబ్బుకి పట్టుకెళ్లి సెక్రటరీ బల్ల మీద పెట్టాను.

"నీ పిస్టల్ ఇవ్వు."

"నాది ఎవరూ ముట్టలేదు, పదేళ్లుగా..."

"అందుకే అడుగుతున్నా. ఆరోజు నీది తూచారు, పాసయింది కదా?"

"రాజాలా పాసయింది."

మధ్యలో తగిలించమన్నాను. ఆగింది. ఇప్పుడు వంపు దాటించి చివర తగిలించి, జారకుండా వేలితో పట్టుకుని లేపమన్నాను. టక్. సెక్రటరీ పిస్టల్ని ముఖం దగ్గరికి తెచ్చుకుని, అది తనని మోసం చేసినట్టు చూశాడు. ఇంకోసారి లేపాడు. టక్. తరవాత ఆయన అన్న మాట చర్చి హాల్లో అనదగ్గది కాదు. దాని వెనకే, "ఇరవై ఆరేళ్లు బస్సు నడిపాను. బ్రేకులు ఇలా పరీక్ష చేస్తే ఒక్క బస్సు కూడా డిపో దాటేది కాదు" అన్నాడు.

నార్తాంప్టనాయన దూరంగా గోడకానుకుని చూస్తున్నాడు. నేను పిలవలేదు. తనే తన పెట్టె తెరిచి ఎలక్ట్రానిక్ పిస్టల్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. మధ్యలో ఆగింది. చివర టక్.

"అంకుల్, నాది గూడ?"

"నీది కూడా."

"అంటే ఆనాడు చీటీల నా నంబర్ వచ్చి, కొక్కెం జారుంటే..."

"నిన్ను నేను ఇంటికి దింపేవాణ్ణి. కాకపోతే నాకు కారు లేదు, బస్సెక్కించేవాణ్ణి."

ఆయన నవ్వలేదు. "సంతకం ఏడ పెట్టాలె?" అన్నాడు.

ఆ పొద్దున్న పదకొండు పిస్టళ్లు తూచాం. ఏది ఎవరిదో, మధ్యలో ఏమైందో, చివర ఏమైందో, పక్కన ఎవరి సంతకమో అన్నీ ఒక కాగితం మీదకెక్కించాను. చివర తగిలిస్తే ఒక్కటి కూడా ఆగలేదు. దానికి మీట బొమ్మ గీసి జతచేశాను. మూడో ఉత్తరంలో ఇలా రాశాను:

"నేను మార్చాను. వేలు వంగదు కాబట్టి మార్చాను. మార్చకూడదని మీ నిబంధనల్లో ఎక్కడుందో చూపించండి, ఇకమీదట పిస్టల్ పట్టను. బరువు మధ్యలో వెయ్యాలని మాత్రం ఉంది, పేజీ నంబరుతో సహా నేను చూపిస్తున్నాను. నాకు పతకం అక్కర్లేదు, ఆరోజు గెలిచినవాళ్ల చేతుల్లోంచి ఏదీ లాక్కోనక్కర్లేదు. నా పేరు పక్కన ఉన్న మాటలు తీసెయ్యండి. తియ్యలేకపోతే, ఈ కాగితం మీద ఉన్న పదకొండు పేర్ల పక్కనా అవే మాటలు రాయండి. తూచిన పద్ధతి సరైనదైతే మేమందరం మోసగాళ్లమే. ఇందులో సర్టిఫికెట్లున్నవాళ్లు చాలామంది ఉన్నారు."

పోస్టాఫీసులో రసీదు తీసుకుని మరీ పంపాను. మా ఆవిడ రోజూ గుమ్మం దగ్గర పడ్డ ఉత్తరాలు ఏరుతూ, కౌన్సిల్ వాళ్లది, హాస్పిటల్ వాళ్లది, పిజ్జా వాళ్లది అని పైకి చదివేది. నెల దాటాక ఒక మంగళవారం పొద్దున్న ఏమీ చదవకుండా ఒక కవరు తెచ్చి నా పళ్లెం పక్కన పెట్టి, ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. చించి ఆవిడకి తెలుగులో చెప్తూ పోయాను. ఆ ఉత్తరం ఇదీ:

"అయ్యా, మీ మూడో ఉత్తరమూ, దానితో ఉన్న పట్టికా బొమ్మా అందాయి. మీ పిస్టల్‌కి ఉన్నటువంటి తిన్నని మీటతో కొక్కెం రెండు చోట్లా తగిలించి కమిటీ ఎదుట పరీక్షించాం. మీరు రాసినట్టే జరిగింది. ఆనాటి పరీక్ష నిబంధన ప్రకారం జరగలేదు. ఫలితాల పట్టికలో మీ పేరు పక్కన రాసిన మాటలు తొలగించి, 539 స్కోరుతో మిమ్మల్ని నాలుగో స్థానంలో చేర్చాం. సవరించిన ప్రతిని అన్ని క్లబ్బులకూ పంపుతున్నాం. ఆనాడు పరీక్ష చేసిన రెఫరీకి మీ ఉత్తరాలు చూపించాం. మీరు మూడుసార్లు చెప్పినా తాను వినిపించుకోలేదని, మీకు ఆ మాట తెలియజేయమని ఆయన కోరారు. ఈ విషయమై మీరు ఇక ఉత్తరాలు రాయనవసరం లేదని మనవి."